ఐసు గడ్డ కట్టేదాకా

ఆ ఫ్రిజ్జులో ఐసు గడ్డ కట్టిన రోజున నేను ఇల్లు వదిలి మా అక్క దగ్గరికి వెళ్ళిపోవాలి. ఇదీ మా ఒప్పందం. ఫ్రిజ్జు ఇంటికి రాకముందే కుదిరింది. గొడవేమీ లేదు, ఎవరూ గొంతు పెంచలేదు. వంటింట్లో, పాలు విరిగిపోయాయని చెప్పుకున్నంత మామూలుగా మాట్లాడుకున్నాం.

"మా అక్క పనిచేసే చోట ఉద్యోగం ఖాళీ ఉందిట. వెళ్తానండీ," అన్నాను.

మా ఆయన కుళాయి దగ్గర వంగి వాషరు మారుస్తున్నాడు. తల ఎత్తలేదు. "మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"రావడం గురించి కాదు నేను చెబుతున్నది."

కుళాయి బిగించాడు. తిప్పి చూశాడు. నీళ్ళు కారడం ఆగింది. చేతులు తుడుచుకుంటూ నిలబడి, "ఒక పాత ఫ్రిజ్జు చూశాను. కొందామనుకుంటున్నా. అది బాగయ్యేదాకా ఉండు," అన్నాడు.

పెళ్ళాం వెళ్ళిపోతానంటే పాత ఫ్రిజ్జు కొంటాననే మగాణ్ణి మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, ఏరి కోరి కట్టుకున్నాను. మామూలు రోజుల్లో అయితే ఆ మాటకి ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఆ నోరు నాకుంది, వీధి మొత్తానికి తెలుసు. కానీ అప్పటికి చాలా నెలలుగా నా నోటికీ నాకూ సంబంధం తెగిపోయింది. ఇవాళ వెళ్ళినా ఒకటే, నెల పోయాక వెళ్ళినా ఒకటే అన్నట్టుండేది.

"బాగవడం అంటే ఏమిటి? రంగు వేయడమా?" అని మాత్రం అడిగాను. ఆయన పని కార్లకి సొట్టలు తీసి రంగులు వేయడం. రంగు విషయంలో 'అయిపోయింది' అనే మాట ఆయన నోట ఎప్పుడూ రాదు. ఇంకొక్క కోటు, ఇంకొక్క తోముడు అంటూనే ఉంటాడు. అందుకే నేనే తేల్చేశాను. "ఐసు గడ్డ కట్టేదాకా ఉంటాను. కట్టిన మర్నాడు బస్సెక్కుతాను." ఐసుతో వాదన ఉండదు. కడితే గడ్డ, లేకపోతే నీళ్ళు.

"సరే," అన్నాడు.

ఎందుకు వెళ్ళాలనుకున్నానో చెప్పకపోతే మీరు ఆయన్ని రాక్షసుడనో, నన్ను గయ్యాళి అనో అనుకుంటారు. ఆయన రాక్షసుడు కాడు. గయ్యాళి మాట కొంత నిజమే.

కిందటేడు మాకు పాప పుట్టింది. పుట్టి ఏడవలేదు. నాకు ఆపరేషను చేసి తీశారు కాబట్టి నేను మత్తులో ఉన్నాను. తెలివి వచ్చేసరికి వార్డులో ఉన్నాను, పక్కన ఉయ్యాల లేదు. "చూడకపోవడమే మంచిదమ్మా, చూస్తే మర్చిపోలేవు," అంది మా అత్తగారు. మా అక్క కూడా అదే అంది. నర్సు కూడా అదే అంది. ఎవరో నేర్పి పంపినట్టు అందరిదీ ఒకటే పాట. నేను సరేనన్నాను. మా ఆయనా, వాళ్ళన్నయ్యా పాపని తీసుకెళ్ళి పని ముగించుకొచ్చారు. వారం తిరక్కుండా మా ఆయన షెడ్డుకి వెళ్ళి ఎవరిదో కారు తలుపుకి లప్పం పెట్టాడు. ఇంటికొచ్చి భోంచేశాడు. ఆ మాట ఆయన ఎత్తలేదు. నేను అడగలేదు. అలాగే ఉండిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. వస్తుందని అందరూ ఎదురుచూశారు. మా అత్తగారయితే మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని మరీ పక్కన కూచునేది. పాపం, ఆ నీళ్ళు చివరికి ఆవిడే తాగేది. ఏడుపు రాకపోగా తక్కినవి కూడా రావడం మానేశాయి. ఆకలి, కోపం, నవ్వు, ఏదీ లేదు. మళ్ళీ పనిలో చేరాను. లాండ్రీలో కౌంటరు నాది. బట్టలు తీసుకోవడం, జేబులు తడమడం, నంబరు ముక్క కట్టి లోపలికి పంపడం. ఒకసారి ఒకావిడ చంటిపిల్లల గౌన్లు మూట కట్టి తెచ్చింది. వాటికీ నంబరు కట్టి పంపాను. పక్క కౌంటరు అమ్మాయి నా మొహం వంక చూసి, గబగబా వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "ఏమైంది?" అని నేనే దాన్ని అడిగాను.

ఇంటికొస్తే ఆయన. ఆయనకీ ఏమీ లేనట్టే ఉండేది. ఇద్దరం బల్లకి చెరో పక్కా కూచుని, రేపు మోటారు వేయాలనీ, బల్బు పోయిందనీ మాట్లాడుకునేవాళ్ళం. ఈ మనిషి పాపని తీసుకెళ్ళి పనైపోయిందని చేతులు కడుక్కున్నాడు, అంతే, అనిపించేది. ఆ ఒక్కటే అనిపించేది. అక్క ఉద్యోగం మాట చెప్పగానే సరేనన్నది అందుకే.

ఫ్రిజ్జు ఒక ఫోటో స్టూడియోలో ఉంది. స్టూడియో మూసేస్తున్నారు. నన్ను కూడా రమ్మన్నాడు మా ఆయన. ఆ రోజుల్లో ఎక్కడికి రమ్మన్నా వెళ్ళేదాన్ని, వద్దంటే ఆగిపోయేదాన్ని. లోపల తెరలు తీసేసిన గోడలు, కాళ్ళు విరిగిన స్టూళ్ళు. వెనకగదిలో, చీకట్లో, ఫ్రిజ్జు. భుజాలు గుండ్రంగా, పొట్ట కాస్త ముందుకి, తలుపుకి పెద్ద ఇనుప హ్యాండిలు. ఎవరో ఎప్పుడో దానికి ఆకుపచ్చ రంగు కుంచెతో పులిమారు. అది చూసి మా ఆయన మొహం వాడిపోయింది.

"కూరగాయ అన్నది దీంట్లో ఎప్పుడూ పెట్టలేదు బాబూ," అన్నాడు స్టూడియో పెద్దాయన. "అంతా ఫిల్మే. కడగడానికి ముందు ఎవరెవరి పెళ్ళిళ్ళో అన్నీ ఇందులోనే ఉండేవి, ఎండకి పాడవకుండా."

"కొన్ని పెళ్ళిళ్ళని బయటికి తియ్యకుండా ఇందులోనే ఉంచెయ్యాల్సింది," అన్నాను.

పెద్దాయన పడీ పడీ నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. ఆయన కళ్ళు మూసుకుని, అరచెయ్యి ఫ్రిజ్జు తలుపు మీద పెట్టి పైనుంచి కిందికి నిమురుతున్నాడు. సొట్టలు కంటికంటే చేతికే బాగా తెలుస్తాయంటాడు. ఏ కారు వచ్చినా ముందు అలాగే నిమురుతాడు. హ్యాండిలు పట్టుకుని లాగాడు, తలుపు పెద్ద చప్పుడుతో తెరుచుకుంది. లోపల చూశాడో లేదో, మళ్ళీ మూసి, తలుపు అంచులు చూడటంలో పడ్డాడు. "రేకు గట్టిది. ఇప్పుడు ఇలాంటి రేకు రాదు," అన్నాడు. బేరం కూడా సరిగ్గా ఆడలేదు.

మోసుకొచ్చిన కూలీలు దాన్ని ముందుగదిలో దించి, ఇందులో ఎవరినైనా పెట్టారా అమ్మా ఇంత బరువుంది అని అడిగారు. అలా మా ఇంట్లో మూడో మనిషి వచ్చి చేరింది.

సాయంత్రాలన్నీ దాని పనే. ముందు ఆకుపచ్చ గీకాడు. కింద తెలుపు వచ్చింది. తెలుపు గీకితే లేత మీగడ రంగు వచ్చింది. అదే పుట్టుక రంగట. ఎమరీ కాగితం నీళ్ళలో ముంచి రుద్దుతూ కూచునేవాడు. గదంతా దుమ్ము, నీళ్ళ మరకలు, లప్పం వాసన. నేను దీపం పట్టుకునేదాన్ని. కుడి పక్కకి అంటే కుడి పక్కకి, ఎత్తు అంటే ఎత్తు. వెళ్ళిపోయేదాన్ని దీపం ఎందుకు పట్టుకోవాలి అని నాకు తట్టలేదు. తట్టినా పట్టుకునేదాన్నేమో.

"ఏ రంగు వేద్దాం?" అని అడిగాడు ఒకరోజు.

"మీ ఇష్టం."

"నీ ఇష్టం చెప్పు."

"నేను వెళ్ళాక వండేది మీరు, తాగేది మీరు, చూసేది మీరు. మధ్యలో నా ఇష్టం దేనికి?"

ఆయన మీగడ రంగే కలిపాడు. షెడ్డుకి తీసుకెళ్ళి స్ప్రే గన్నుతో రంగు కొట్టి, తెల్ల దుప్పటి చుట్టి తీసుకొచ్చాడు. హ్యాండిలుకి మెరుగు పెట్టించాడు. తలుపు చుట్టూ కొత్త రబ్బరు వేశాడు. నిజం చెప్పాలంటే చాలా బాగా కుదిరింది. మా ఇంట్లో ఇంకే వస్తువూ దాని పక్కన నిలబడటానికి పనికిరాదు, మాతో సహా.

రంగు వరకూ ఆయన పని. గ్యాసు పని ఆయనకి రాదు. దానికి చల్లన్నని పిలిచాడు. ఆ మెకానిక్కి అమ్మానాన్నలు పెట్టిన పేరేమిటో ఎవరికీ తెలియదు, పేటంతా చల్లన్నే అంటారు. మనిషి మాత్రం ఎప్పుడూ చెమటలు కారుతూ ఉంటాడు. వచ్చీ రాగానే ఫ్రిజ్జు చుట్టూ తిరిగి, "అన్నా, పెళ్ళికూతుర్ని తయారుచేశావు గానీ ఊపిరి ఉందో లేదో చూశావా?" అన్నాడు.

ఊపిరి ఉంది. మోటారు తిరిగింది. పాత గ్యాసు ఎప్పుడో పోయిందట. చల్లన్న గొట్టాలన్నీ కడిగి, లోపలి గాలి లాగేసి, కొత్త గ్యాసు ఎక్కించాడు. అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి, బుడగ లేస్తుందేమోనని చెంప ఆనించినంత దగ్గరగా చూశాడు. ఎక్కడా లేవలేదు. గ్యాసు ఎక్కించిన సన్నగొట్టానికి చివర తిప్పే మూత ఒకటి వదిలేశాడు. "కొన్నాళ్ళు చూసుకుని అప్పుడు మూతి నొక్కి వెల్డింగు పెట్టేస్తానమ్మా. అందాకా ఇలాగే ఉండనివ్వండి," అన్నాడు.

నేను ఐసు ట్రేలో నీళ్ళు పోసి ఫ్రిజ్జు పైగదిలో పెట్టాను. సంచి కూడా సర్దుకున్నాను. మర్నాడు లాండ్రీ నుంచి వచ్చి చూస్తే నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. మోటారు మాత్రం తిరుగుతోంది.

"లీకు ఉన్నట్టుంది," అన్నాడు మా ఆయన.

చల్లన్న మళ్ళీ వచ్చాడు. మళ్ళీ నురగ, మళ్ళీ గ్యాసు. మర్నాటికి మళ్ళీ నీళ్ళు. ఆ తర్వాత వచ్చినప్పుడు చల్లన్న జోకులు వేయలేదు. "నేను పెట్టిన అతుకు ఇంతవరకూ ఊడలేదమ్మా. నా చెయ్యే పాడైపోయిందో ఏమిటో," అని అరచేతులు తిప్పి చూసుకున్నాడు. అతని చెయ్యి బాగానే ఉందని మా ఆయన ఓదార్చాడు. చాలా మర్యాదగా ఓదార్చాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

ఈలోగా మా అక్క ఫోను. "ఏమే, ఆ ఫ్రిజ్జు గొడవ తేలదా? వీళ్ళు ఎన్నాళ్ళని ఆగుతారే ఉద్యోగానికి?"

"ఐసు కట్టాక వస్తానక్కా."

"మీ ఇద్దరికీ పిచ్చి గానీ ఎక్కలేదు కదా?"

"ఎక్కినా తెలిసేట్టు లేదు," అన్నాను. నేను ఎగతాళికి అనలేదు. నాకు నిజంగానే తెలిసేది కాదు.

చల్లన్న ఇంకోసారి గ్యాసు ఎక్కించి వెళ్ళిన మర్నాడు, లాండ్రీలో బాయిలరు చెడిపోయి మమ్మల్ని మధ్యాహ్నమే పంపేశారు. ఇంటికొచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆయన షెడ్డు దగ్గరే, భోజనానికి వచ్చాడనుకున్నాను. చెప్పులు విప్పి లోపలికి అడుగు పెట్టబోయి ఆగిపోయాను.

ఆయన ఫ్రిజ్జు ముందు నిలబడి ఉన్నాడు. తలుపు తీసి ఉంది. కుడిచెయ్యి పైగదిలో మణికట్టు దాకా పెట్టి, కదలకుండా ఉన్నాడు. వీపు నా వైపు. ఎంతసేపటికీ చెయ్యి తీయడే. తర్వాత ట్రే బయటికి తీశాడు. తెల్లగా, గట్టిగా, ఐసు. దాన్ని తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టి కరిగించాడు, కొత్త నీళ్ళు పోశాడు, పైగదిలో పెట్టాడు. స్విచ్చి ఆపాడు. ఫ్రిజ్జు వెనక్కి వెళ్ళి కూచున్నాడు. ఆ సన్నగొట్టం మూత తిప్పిన చప్పుడు, తర్వాత బుస్సుమని గ్యాసు పోతున్న చప్పుడు. అది ఆగేదాకా అక్కడే కూచుని, మళ్ళీ మూత బిగించి, స్విచ్చి వేశాడు.

నేను చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి నడిచాను. వీధి చివర బస్సు కోసం వేసిన బెంచీ ఉంటే దాని మీద కూచున్నాను. నా ఒళ్ళు మండిపోతోంది. అబ్బ, ఎన్నాళ్ళకి! నన్ను వెళ్ళనివ్వకుండా ఉండటానికా ఇదంతా? 'ఉండవే' అని నోరు తెరిచి అనలేక గ్యాసు వదులుతున్నాడా ఈ మనిషి? తిట్టుకున్నాను. నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. మధ్యలో ఎక్కడో సంతోషం కూడా వేసింది, ఎందుకు దాచాలి. నేనుండాలని ఒకరికి ఇంత ఉందా అని. ఆ సంతోషం వచ్చినందుకు మళ్ళీ కోపం వచ్చింది. ఎప్పుడూ వచ్చే వేళకి ఇంటికి వెళ్ళాను.

"నీళ్ళేనా?" అన్నాను.

"నీళ్ళే," అన్నాడు, నా మొహం చూడకుండా.

చూద్దాం ఎంతకాలం దాస్తావో అనుకున్నాను. ఒక మాట, ఒక్క మాట ఆయన నోటితో అనిపించాలని నాకు పంతం పట్టింది. ఆయన ఎవరిదో కారు పక్క ఊళ్ళో అప్పగించడానికి వెళ్ళిన రోజున లాండ్రీకి సెలవు పెట్టి చల్లన్నని పిలిపించాను. "గ్యాసు ఎక్కించి ఇవాళే మూతి మూసెయ్యి చల్లన్నా. మళ్ళీ తిప్పడానికి ఏమీ మిగలకూడదు," అన్నాను.

అతను నా వంక చూశాడు, గొట్టం వంక చూశాడు, అర్థమైంది. "అయితే నా చెయ్యి బాగానే ఉందన్నమాట," అన్నాడు. ఆ మొహంలో వెలుగు చూడాలి! మూతి నొక్కి, వెల్డింగు పెట్టి, నురగ రాసి, బుడగ లేదని నాకు చూపించి మరీ వెళ్ళాడు.

నేను ఫ్రిజ్జుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూచున్నాను. నీళ్ళ మీద ముందు పలచటి పొర కట్టింది. వేలు పెడితే విరిగింది. సాయంత్రానికి వేలు పెట్టినా విరగలేదు. సంచి తెచ్చి గుమ్మం పక్కన పెట్టాను. ఉండమంటే ఏం చేస్తానో నేను అనుకోలేదు. అనిపించాలి, అంతే.

వీధి దీపాలు వెలిగిన కాసేపటికి వచ్చాడు. నేను ట్రే తెచ్చి బల్ల మీద పెట్టాను.

"కట్టింది," అన్నాను.

ట్రే వంక చూశాడు. సంచి వంక చూశాడు. ఫ్రిజ్జు వెనక్కి వంగి చూసి, "మూయించేశావా?" అన్నాడు.

"మూయించేశాను! మధ్యాహ్నాలు మీరొచ్చి ఏం వెలగబెడుతున్నారో కళ్ళారా చూశాను. ఏమండీ, నోరు లేదా మీకు? పెళ్ళాన్ని ఉండమనడానికి ఒక్క మాట చాలదా? దానికి గ్యాసు గాలికి వదలాలా? పాపం ఆ చల్లన్న తన చెయ్యే పోయిందని కుమిలిపోయాడు!" అరుస్తున్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. పక్కింటివాళ్ళు టీవీ తగ్గించారు.

"నిన్ను ఆపడానికి కాదు," అన్నాడు.

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆ బెంచీ మీద కూచుని ఎంత మురిసిపోయానో గుర్తొచ్చి సిగ్గేసింది.

"మరెందుకు?"

కుర్చీ లాక్కుని కూచున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. "మొదటిసారి గ్యాసు పట్టించిన మర్నాడు మధ్యాహ్నం వచ్చి చూశాను. ఐసు కట్టేసింది. నీకు చెబుదామనే అనుకున్నా, మాట మాటే కదా. ట్రే తీద్దామని లోపల చెయ్యి పెట్టాను."

"పెడితే?"

"ఆ రోజులాగే ఉంది."

"ఏ రోజు?" అన్నాను. అంటూనే తెలిసింది.

"పాపని ఇచ్చిన రోజు. ఆస్పత్రిలో కింద చల్లటి గదిలోంచి తెచ్చి ఇచ్చారు, బట్టలో చుట్టి. తల వాలిపోకూడదని మెడ కింద చెయ్యి పెట్టాను. పెట్టాలి కదా. ఇదే చలి. ఈ చెయ్యి మర్చిపోలేదు." అరచెయ్యి ప్యాంటుకి రుద్దుకున్నాడు. "కొన్నప్పుడు నాకు తట్టలేదే. రేకు చూశాను, సొట్టలు చూశాను, ఎంత పని ఉంటుందో చూశాను. పని దొరికితే చాలనుకున్నా. లోపల చల్లగా అవుతుందని నాకు తట్టనే లేదు. కట్టిన ప్రతిసారీ చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. పెట్టలేక, పెట్టకుండా ఉండలేక. తర్వాత గ్యాసు వదిలేసేవాణ్ణి."

ఫ్రిజ్జు కొని, అది చల్లబడుతుందని మర్చిపోయిన మనిషి. ఇంకెవరైనా చెబితే నవ్వేదాన్ని. ఏ బండి కనబడినా పైరేకు నిమరడం తప్ప ఇంకేమీ చూడని మా ఆయన కాబట్టి నమ్మాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"చూడకపోతేనే మంచిదన్నారు. నేను చెబితే చూసినట్టే కదా అని చెప్పలేదు. నువ్వు కూడా అడగలేదు."

"అడిగితే మీరు ఏమీ లేదంటారని అడగలేదు."

"అన్నయ్య కారు నడిపాడు. నేను వెనక కూచున్నా, ఒళ్ళో పెట్టుకుని. దారి పొడుగునా కాళ్ళు రుద్దుతూనే ఉన్నాను. మళ్ళీ వేడెక్కుతుందనేం కాదు, నాకు తెలుసు. చలేస్తుందేమోనని."

నాకు ఒకేసారి అన్నీ వచ్చేశాయి. దుఃఖం వచ్చింది. అందరి మీదా కోపం వచ్చింది, ఆ మత్తు ఇచ్చిన డాక్టరుతో సహా. ఇంకోటి కూడా వచ్చింది, దాని పేరు చెప్పడానికి నాకు సిగ్గులేదు. అసూయ. నా కడుపులో ఉన్న పిల్లని ఆయన ఒళ్ళో పెట్టుకున్నాడు, కాళ్ళు పట్టుకున్నాడు. నాకేమీ మిగల్చలేదు ఎవరూ. మొత్తం ఆయనొక్కడి దగ్గరే ఉంది. నేను దాన్ని వదిలేసి బస్సెక్కి పోదామనుకున్నాను.

ఫోను మోగింది. అక్కే అయి ఉంటుంది. మోగి మోగి ఆగిపోయింది.

ఆయనకి ఎదురుగా కూచున్నాను. "జుట్టుందా?" అన్నాను.

"ఉంది. చాలా ఉంది. తడిగా నుదుటికి అతుక్కుంది. పక్కకి తీశాను."

"ముక్కు?"

"నీదే."

"అయ్యో పాపం," అన్నాను. ఆయన పెదవి కాస్త కదిలింది. నాకు అప్పటికే కళ్ళు కనబడటం లేదు, చెంగుతో తుడుచుకున్నాను, మళ్ళీ నిండాయి. నిండితే నిండనీ అని వదిలేశాను.

"చేతులు?"

"మూసుకుని ఉన్నాయి. విప్పి చూశాను. గోళ్ళు ఉన్నాయి. కత్తిరించాల్సినంత ఉన్నాయి."

"పొడుగెంతుంది?"

ఆయన చేతులు రెండూ పైకెత్తాడు. ఒక అరచెయ్యి అటు, ఒకటి ఇటు. కాస్త దగ్గరికి జరిపాడు. తల వంచి చూసుకున్నాడు, కాదన్నట్టు ఎడమచెయ్యి కొంచెం వెనక్కి జరిపాడు. ఏ సొట్టకైనా కొలత ఆయనకి చేతిలోనే ఉంటుంది, తప్పదు.

"ఇంత," అన్నాడు.

ఆ రెండు చేతుల మధ్య ఎంత ఖాళీ ఉందో అంతా చూశాను. ఈ చివర తల, ఆ చివర కాళ్ళు. మా పాపని నేను చూడటం అదే మొదటిసారి.

కాసేపటికి ఆయన భుజాలు వణకడం మొదలుపెట్టాయి. "చేతులు నొప్పెడుతున్నాయే," అన్నాడు.

"పెట్టనివ్వండి," అన్నాను. "దించకండి."